ఎండాకాలంలో నీళ్ళు అడగని చెట్టు: అనంతపురం పెరట్లో రేగు పెంచేదెలా, కోసేదెలా?

అనంతపురం: బిర్యానీ దమ్‌లో వేసే ఆలూ బుఖారా, పెళ్ళి దావత్‌లో తీపిపులుపుగా వడ్డించే ఆలూ బుఖారా చట్నీ మన ఇళ్ళలో అందరికీ ఇష్టమే. ఆ చెట్టు పెరట్లోనే ఉంటే ఎంత బాగుండునని అనిపించడం సహజం. ఫోన్ తెరిస్తే 'ప్లమ్ మొక్క' అని ఎర్రటి పండ్ల ఫోటో పెట్టిన ప్రకటనలు కూడా కనిపిస్తాయి. కానీ అనంతపురం, గుంతకల్లు, తాడిపత్రి, ఉరవకొండ లాంటి ఊళ్ళలో ఆ మొక్కకు పెట్టే డబ్బు దండగే. మొక్క బతికితే బతకవచ్చు, పండు మాత్రం ఇవ్వదు.

కారణం చలి. ఆలూ బుఖారా చెట్టు చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోతుంది. మళ్ళీ పూత రావాలంటే చాలా రకాలకు 7 డిగ్రీల కంటే తక్కువ చలి కొన్ని వందల గంటల పాటు తగలాలి. అందుకే ఆ తోటలు కశ్మీర్‌లో, హిమాచల్ ప్రదేశ్‌లో, ఉత్తరాఖండ్‌లో ఉంటాయి. దక్షిణాదిలో నీలగిరి, కొడైకెనాల్ లాంటి కొండల మీద కొద్దిగా పండుతుంది. అనంతపురంలో డిసెంబరు రాత్రి కూడా మామూలుగా 15 నుంచి 18 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది.

అయితే 'ఇండియన్ ప్లమ్' అనే పేరున్న పండు ఒకటి ఇక్కడ తరతరాలుగా ఉంది. అదే రేగు. ఉర్దూలో బేర్. ఆలూ బుఖారాకూ దీనికీ చుట్టరికం ఏమీ లేదు, కుటుంబాలే వేరు. కానీ ఈ నేలకు, ఈ వానకు తగిన పెరటి పండు ఏదంటే ముందు చెప్పుకోవాల్సింది రేగునే. ఈ చెట్టును కొట్టేసి కారు షెడ్డు వేసేవాళ్ళు, టైల్స్ పరిచేవాళ్ళు దాని గురించి రెండు విషయాలు తెలుసుకుంటే మంచిది. ఒకటి నీళ్ళ లెక్క, రెండోది ఆకుల లెక్క.

చెట్టు నిద్రపోయే కాలం

అనంతపురంలో ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపు పడుతుంది. మిగిలిన దాంట్లో చాలావరకు అక్టోబరు, నవంబరులో వస్తుంది. జనవరి నుంచి మార్చి దాకా దాదాపు ఏమీ ఉండదు. ఎర్రనేల లోతు తక్కువ, కింద గరుసు. బోర్లు అడుగంటేది, కొళాయి రోజు తప్పించి రోజు వచ్చేది, ట్యాంకర్ కోసం బిందెలు వరుసలో పెట్టేది మార్చి తర్వాతే.

పెరట్లో సాధారణంగా వేసుకునే చెట్లు సరిగ్గా అప్పుడే నీళ్ళు అడుగుతాయి. జిల్లాకు పేరు తెచ్చిన చీనీ ఏడాది పొడవునా పచ్చగా ఉండే చెట్టు. ఏప్రిల్ ఎండలో కూడా దాని ఆకులు నీటిని బయటికి వదులుతూనే ఉంటాయి, ఆ లోటు వేర్లు పూడ్చాలి. అందుకే కరువు సంవత్సరాల్లో రైతులు చీనీ తోటల్ని కాపాడుకోవడానికి ట్యాంకర్లు తోలారు, అయినా ఎండిపోయిన తోటలు ఉన్నాయి.

రేగు చేసేది వేరు. చలికాలంలో పండ్లు ఇచ్చేసి, ఎండలు ముదరగానే ఆకులన్నీ రాల్చేస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో చెట్టు చూస్తే చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. అది చావు కాదు, నిద్ర. ఆకు లేదు కాబట్టి నీళ్ళ ఖర్చు లేదు. తల్లివేరు లోతుగా దిగి ఉంటుంది. జూన్ తొలకరికి కొత్త కొమ్మలు వేస్తుంది, వానల్లో పూస్తుంది, ఈశాన్య రుతుపవనాల తడికి కాయ పెంచుకుంటుంది. మళ్ళీ ఎండలు వచ్చే సరికి పని ముగించుకుంటుంది. ఒక్క మాటలో, అనంతపురం వాన క్యాలెండరూ రేగు చెట్టు క్యాలెండరూ ఒకటే.

కాబట్టి మూడేళ్ళు దాటిన రేగు చెట్టుకు ఎండాకాలంలో నీళ్ళు పోయకూడదు. పోస్తే నిద్ర చెడి అకాలంలో చిగుళ్ళు వేస్తుంది, పూత గతి తప్పుతుంది. ఇంట్లో తాగడానికే నీళ్ళు చాలని రోజుల్లో ఒక్క బిందె కూడా అడగని పండ్ల చెట్టు ఉండడం ఈ ఊళ్ళలో చిన్న విషయం కాదు.

ఏ రకం వేయాలి?

కంచెల్లో, బీళ్ళలో తానే మొలిచే నాటు రేగు కాయ చిన్నది, గింజ పెద్దది, పులుపు, ముళ్ళు ఎక్కువ. పెరట్లో తినే పండు కావాలంటే అంటు మొక్క వేసుకోవాలి. ఎక్కువగా వినిపించే పేర్లు ఇవి.

గోల: పేరుకు తగ్గట్టు గుండ్రటి కాయ. అన్నిటికంటే ముందు పండుతుంది. నీళ్ళు బాగా తక్కువ ఉన్న చోట ఇదే మంచిది. ఈశాన్య వానల తడి ఆరక ముందే పంట చేతికొస్తుంది.

కైథలీ: మధ్య కాలంలో పండేది. కాయ కోలగా ఉంటుంది, తీపి బాగుంటుంది.

ఉమ్రాన్: పెద్ద కాయ, ఆలస్యంగా పండుతుంది. బంగారు పసుపు నుంచి గోధుమ రంగుకు తిరుగుతుంది. నాలుగు రోజులు నిల్వ ఉంటుంది. కాయ పెరిగేటప్పుడు రెండు మూడు తడులు ఎక్కువ కావాలి.

ఆపిల్ బేర్: గత పది పదిహేనేళ్ళలో బజారులో బాగా కనిపిస్తున్న పెద్ద ఆకుపచ్చ కాయ. ముళ్ళు చాలా తక్కువ, పిల్లలున్న ఇంటికి అనుకూలం. కరకరలాడుతుంది కానీ రుచి చప్పగా ఉంటుందని కొందరికి నచ్చదు. కాయ బరువుకు కొమ్మలు విరుగుతాయి, వెదురు కర్రల ఊతం పెట్టాలి.

రేగులో చాలా రకాలు తమ పుప్పొడితో తామే సరిగా కాయ పట్టవు. ఈగలు, తేనెటీగలు ఇంకో రకం చెట్టు నుంచి పుప్పొడి తేవాలి. చుట్టుపక్కల వేరే రేగు చెట్లు ఉంటే చింత లేదు. లేకపోతే పక్కింటి వాళ్ళతో మాట్లాడుకుని వాళ్ళు ఒక రకం, మనం ఒక రకం వేసుకోవడం తెలివైన పని. ఒంటరి చెట్టు బాగా పూసి కూడా కాయ నిలవకపోవడానికి ఇది ఒక పెద్ద కారణం.

ఉన్న చెట్టును కొట్టేయక్కర్లేదు

చాలా పాత ఇళ్ళలో, దర్గాల ఆవరణల్లో, కబ్రస్తాన్ గోడల వెంట నాటు రేగు చెట్లు ఇప్పటికే ఉన్నాయి. "పులుపు కాయలు, ముళ్ళు, ఏం లాభం" అని వాటిని నరికేస్తున్నారు. నిజానికి ఆ వేరు పదేళ్ళ పెట్టుబడి. దాని మీదే మంచి రకం కట్టుకోవచ్చు.

పద్ధతి ఇలా ఉంటుంది. మార్చి, ఏప్రిల్‌లో నాటు చెట్టును నేల నుంచి సుమారు మూడు అడుగుల ఎత్తులో రంపంతో నున్నగా కోస్తారు. కోసిన చోట బోర్డో పేస్ట్ పూస్తారు. కొన్ని వారాలకు మొద్దు చుట్టూ బోలెడు చిగుళ్ళు వస్తాయి. వాటిలో నాలుగు దిక్కులకూ ఉండేలా బలమైనవి మూడు నాలుగు ఉంచి మిగతావి తీసేయాలి. జూన్, జులైకి అవి పెన్సిల్ లావు అవుతాయి. అప్పుడు గోల చెట్టు నుంచో ఉమ్రాన్ చెట్టు నుంచో తెచ్చిన కొమ్మ మీది కన్నును బెరడుతో సహా తీసి, ఈ చిగురు బెరడులో గాటు పెట్టి కూర్చి, కన్ను మాత్రం బయటికి కనిపించేలా ప్లాస్టిక్ పట్టీ చుడతారు. రెండు మూడు వారాల్లో కన్ను పచ్చగా ఉండి చిగురు వేస్తే అంటు పట్టినట్టే. ఆ తర్వాత కన్నుకు పైన ఉన్న నాటు కొమ్మను కోసేయాలి.

అనుభవం లేని చేతికి మొదటిసారే పట్టకపోవచ్చు. ఒకటికి నాలుగు కన్నులు కట్టడం అందుకే. నర్సరీలో అంటు కట్టే మనిషిని పిలిపించుకుంటే అరగంట పని. లోతైన వేరు ముందే ఉంది కాబట్టి మరుసటి ఏడాది నుంచే కాయలు చూడవచ్చు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు కూడా ఇదే దారి పట్టవచ్చు. నాటు రేగు గింజను సుత్తితో జాగ్రత్తగా పగలగొట్టి, లోపలి పప్పు నలగకుండా తీసి నాటితే వారం రోజుల్లో మొలుస్తుంది. గింజ మొత్తంగా నాటితే మూడు నాలుగు వారాలు పడుతుంది. చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే గింజ నాటి, ఏడాది తర్వాత అక్కడే అంటు కడితే తల్లివేరు తెగకుండా లోతుకు దిగుతుంది. కవరులో పెరిగిన మొక్క వేరు చుట్టలు చుట్టుకుని ఉంటుంది కాబట్టి దానికి ఈ బలం రావడానికి సమయం పడుతుంది.

నర్సరీ మొక్కే కొంటే ఒకటి చూసుకోవాలి. కాండం కింది భాగంలో అంటు అతుకు స్పష్టంగా కనిపించాలి. చిగురు అతుకు పైనుంచి వచ్చి ఉండాలి. చాలా ఇళ్ళలో "ఆపిల్ బేర్ అని తెస్తే పుల్లటి చిన్న కాయలు కాసింది" అనే ఫిర్యాదుకు మూలం ఇక్కడే ఉంది. పై అంటు ఎండకు చచ్చిపోతుంది, కింద నాటు వేరు నుంచి ముళ్ళ చిగురు లేస్తుంది, దాన్నే మొక్క అనుకుని పెంచుతారు. అతుకు కింద నుంచి వచ్చే ప్రతి చిగురునూ వెంటనే గిల్లేయాలి.

నాటడం, మొదటి రెండేళ్ళు

ఇంటి గోడకు, నీళ్ళ సంపుకు కనీసం పది అడుగుల దూరంలో చోటు చూసుకోవాలి. రోజంతా ఎండ పడాలి. మే నెలలో రెండు అడుగుల పొడవు, వెడల్పు, లోతుతో గుంత తీసి ఎండకు వదిలేయాలి. పై మట్టిని ఒక పక్క, కింది గరుసును ఇంకో పక్క వేసుకోవాలి. వానలు మొదలయ్యాక పై మట్టిలో పది పదిహేను కిలోల చివికిన ఎరువు, రెండు గుప్పిళ్ళ వేప పిండి కలిపి గుంత నింపాలి. ఈ జిల్లాలో గొర్రెల మందలకు కొదవ లేదు, గొర్రె ఎరువు సులువుగా దొరుకుతుంది. కానీ పచ్చి ఎరువు వేయకూడదు, చెదలు పడతాయి.

మొక్క నాటాక చుట్టూ పాది చేసి, పెరటి వాన నీళ్ళు, మిద్దె మీది గొట్టం నీళ్ళు అటువైపు వచ్చేలా చిన్న వాలు కట్టాలి. వేరుశనగ పొట్టు రెండు అంగుళాల మందాన పరిస్తే తడి ఆరదు. పొట్టు కాండానికి తగలకుండా జానెడు దూరం ఉంచాలి.

మొదటి రెండు ఎండాకాలాలు మాత్రం లేత మొక్కకు నీళ్ళు తప్పవు. దీనికి పాత కుండ పద్ధతి చాలు. మెరుగు పెట్టని మట్టికుండను మొక్కకు అడుగు దూరంలో మెడ దాకా పూడ్చి, నీళ్ళు నింపి మూత పెడితే నీళ్ళు మెల్లగా ఊరి వేరుకు అందుతాయి. మూడు నాలుగు రోజులకు ఒకసారి నింపితే సరిపోతుంది.

ఆ నీళ్ళు ఎక్కడివి? ఇంట్లో వుజూ నీళ్ళే చాలు. ఒక మనిషి వుజూకు మూడు లీటర్లు వాడతాడనుకుందాం. రోజుకు ఐదుసార్లు, నలుగురున్న ఇల్లు: 60 లీటర్లు. అందులో సబ్బు లేదు, నూనె లేదు. ఇంత నీరు డ్రైనేజీలో కలిసిపోతోంది. వుజూ చేసే చోట నుంచి ఒక గొట్టం పెరటి వైపు తిప్పితే రెండు మొక్కలకు సరిపోగా మిగులుతుంది. మసీదు ఆవరణలో అయితే లెక్క ఇంకా పెద్దది. బట్టలు ఉతికిన డిటర్జెంట్ నీళ్ళు మాత్రం లేత మొక్కకు పోయకూడదు.

మొదటి ఏడాది ఒకే కాండాన్ని కర్ర కట్టి నిటారుగా పెంచాలి. రెండున్నర అడుగుల ఎత్తు దాకా పక్క కొమ్మలు తీసేసి, పైన నాలుగు దిక్కులకు నాలుగు కొమ్మలు ఉంచాలి. అప్పుడే చెట్టు కింద మంచం వేసుకునే వీలుంటుంది, కోత కూడా చేతికి అందుతుంది.

కత్తెర వేయకపోతే కాయ లేదు

రేగు గురించి చాలామందికి తెలియని అసలు విషయం ఇది. కాయలు పాత కొమ్మల మీద కాయవు. ఆ ఏడాది కొత్తగా వచ్చిన కొమ్మల మీదే కాస్తాయి. ఏటా కత్తిరించకపోతే కొత్త కొమ్మలు బలహీనంగా, చెట్టు కొసల్లో, చేతికందని ఎత్తులో వస్తాయి. కాయ ఏడాదికేడాది చిన్నదవుతుంది. "ముందు బాగా కాసేది, ఇప్పుడు కాయడం లేదు" అనే చెట్లలో చాలావాటికి రోగం ఏమీ లేదు, కత్తెర పడలేదు అంతే.

పంట అయిపోయి ఆకు రాలాక, ఏప్రిల్ నుంచి మే మధ్యలోపు కత్తిరించాలి. పోయిన ఏడాది కొమ్మను మొదలు నుంచి 15 నుంచి 20 కణుపులు ఉంచి పైది కోసేయాలి. నేలకు వాలినవి, ఒకదాన్నొకటి రాసుకునేవి, ఎండినవి పూర్తిగా తీసేయాలి. కోతలకు బోర్డో పేస్ట్ పూయాలి. కోసిన ముళ్ళ కంప కూరగాయల మడికి, కోళ్ళ దొడ్డికి కంచెగా పనికొస్తుంది.

కొందరు పెద్దలు "బేరీ చెట్టుకు కత్తి పెట్టకూడదు" అంటారు. సిద్ర్ చెట్టు నరకడం గురించిన హదీస్ అబూదావూద్ గ్రంథంలో ఉంది. దాని భావం ఏమిటని అడిగినప్పుడు, దారిన పోయేవాళ్ళకూ పశువులకూ నీడనిచ్చే చెట్టును అన్యాయంగా, అనవసరంగా నరకడం గురించి అని ఇమామ్ అబూదావూదే వివరించారు. కాపు కోసం కొమ్మ కత్తిరించడం చెట్టును నరకడం కాదు. మొద్దు నుంచి మళ్ళీ బతికించే అంటు పని కూడా అంతే.

కత్తిరింపు తర్వాత తొలి వానకు పెద్ద చెట్టుకు 20, 25 కిలోల చివికిన ఎరువు పాదిలో వేసి కలపాలి. జులై నుంచి అక్టోబరు దాకా పూత వస్తుంది. కాయ బఠాణీ గింజంత అయినప్పటి నుంచి రంగు తిరిగే దాకా, వాన లేకపోతే రెండు మూడు వారాలకు ఒక తడి ఇవ్వాలి. చెట్టు ఏడాది మొత్తంలో మన దగ్గర నీళ్ళు అడిగేది ఈ కాలంలోనే. కాయ రంగు తిరిగాక నీళ్ళు ఆపేయాలి.

పురుగు, తెగులు

రేగుకు పెద్ద శత్రువు పండు ఈగ. కాయ చిన్నగా ఉన్నప్పుడే అందులో గుడ్డు పెడుతుంది. పైకి చిన్న చుక్క తప్ప ఏమీ కనిపించదు. కొరికితే గింజ చుట్టూ గోధుమ రంగు కుళ్ళు, తెల్ల పురుగు. పురుగు పట్టిన కాయ రాలుతుంది, పురుగు మట్టిలోకి దిగి గూడు కట్టుకుంటుంది, మళ్ళీ ఈగై పైకి వస్తుంది.

మందు కంటే ముందు చేయాల్సినవి రెండు. రాలిన కాయల్ని ఏ రోజుకారోజు ఏరి లోతుగా పూడ్చేయాలి, చెట్టు కింద వదలకూడదు. మే నెలలో పాదిని జానెడు లోతు తవ్వి మట్టి తిరగేయాలి. ఎండకు గూళ్ళు చస్తాయి, మిగిలినవి నాటుకోళ్ళు ఏరుకుంటాయి. ఈ పని వీధిలో అందరూ చేస్తేనే ఫలితం, ఎందుకంటే పక్కింటి ఈగ గోడ దాటి వస్తుంది. కాయ బఠాణీ గింజంత ఉన్నప్పుడు లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు కలిపి పదిహేను రోజుల తేడాతో రెండు మూడుసార్లు కొట్టవచ్చు.

రెండోది బూడిద తెగులు. వానలు తగ్గి చలి మొదలయ్యే అక్టోబరు, నవంబరులో లేత కాయల మీద తెల్లటి పొడి కనిపిస్తుంది. కాయ పగిలి, వంకరపోయి రాలుతుంది. పొడి కనిపించగానే లీటరు నీటికి 3 గ్రాముల చొప్పున నీటిలో కలిసే గంధకం చల్లాలి. ఎండ మండే మధ్యాహ్నం కాకుండా సాయంత్రం చల్లాలి. పండ్లు కోతకు వచ్చాక ఏ మందూ వద్దు.

చిలకలు వస్తాయి. పెద్ద చెట్టుకు వల కట్టడం కష్టం. పక్షి తిన్నది కూడా నాటినవాడికి సదఖాయే అన్న హదీస్ గుర్తు పెట్టుకుంటే ఆ కొన్ని కాయల బెంగ ఉండదు.

కోత ఎప్పుడు, ఎలా?

రేగు పచ్చిగా కోసి ఇంట్లో మాగబెట్టే పండు కాదు. మామిడిలా గడ్డిలో పెడితే తీపి పెరగదు, ముడతలు పడుతుంది. చెట్టు మీదే రంగు తిరగాలి. గోల, కైథలీ ఆకుపచ్చ పోయి పసుపు తిరిగినప్పుడు, ఉమ్రాన్ బంగారు పసుపులో ఉన్నప్పుడు కోయాలి. ఆపిల్ బేర్ మాత్రం లేత ఆకుపచ్చ నుంచి కొద్దిగా పసుపు ఛాయకు వచ్చినప్పుడే బాగుంటుంది. అది పూర్తిగా పండితే పిండి పిండిగా అవుతుంది.

ఒక చెట్టు కాయలన్నీ ఒకేసారి పండవు. వారానికి ఒకసారి చొప్పున నాలుగైదు కోతలు పడతాయి. పొద్దున్నే, మంచు ఆరాక, తొడిమతో సహా చేత్తో కోసి గుడ్డ సంచిలో వేసుకోవాలి. కర్రతో రాల్చితే దెబ్బ తగిలిన చోట రెండో రోజుకే నల్లబడుతుంది. చిన్న నాటు రేగుకైతే కింద దుప్పటి పరిచి కొమ్మ ఊపితే చాలు. పురుగు కాయలు, మెత్తబడినవి వేరు చేసి, మంచివి నీడలో గాలి ఆడేలా పెడితే నాలుగైదు రోజులు, వారం దాకా ఉంటాయి. బాగా పెరిగిన అంటు చెట్టు వర్షాధారంగానే ఏడాదికి 50 నుంచి 80 కిలోల దాకా ఇవ్వగలదు. విటమిన్ సి విషయంలో రేగు ఆపిల్ కంటే చాలా ముందుంటుంది.

మిగిలిన పండ్లను గింజతోనే దంచి, ఉప్పు, ఎండుమిర్చి, బెల్లం, జీలకర్ర కలిపి వడియాలుగా ఎండబెట్టుకుంటే పిల్లలకు ఏడాదంతా చప్పరించడానికి ఉంటాయి. సంక్రాంతికి ఇరుగుపొరుగు హిందూ కుటుంబాలకు భోగిపండ్లుగా రేగుపండ్లే కావాలి. మన పెరట్లో చెట్టు ఉంటే వాళ్ళ పిల్లలు గంప పట్టుకుని మన గుమ్మంలోకే వస్తారు.

ఆకుల లెక్క

ఇక రెండో విషయం. ముస్లిం కుటుంబాలకు రేగు పండు చెట్టు మాత్రమే కాదు. ఖుర్ఆన్‌లో సబా, నజ్మ్, వాఖిఆ సూరాల్లో సిద్ర్ ప్రస్తావన ఉంది. దైవప్రవక్త (స) కుమార్తె మరణించినప్పుడు నీళ్ళతో, సిద్ర్‌తో మూడుసార్లో ఐదుసార్లో స్నానం చేయించి చివరిసారి కర్పూరం కలపమని చెప్పినట్టు ఉమ్మె అతియ్యా (రజి) ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. అరబ్ నేలలోని సిద్ర్ రేగుకు దగ్గరి బంధువు. దక్కన్‌లో మయ్యత్ గుస్ల్‌కు 'బేరీ కే పత్తే' వాడడం ఆ సంప్రదాయమే. ఆకులో సహజంగా నురగ వచ్చే గుణం ఉంది, నీళ్ళలో నలిపితే సబ్బులా శుభ్రం చేస్తుంది.

ఇంట్లో చావు జరిగిన రాత్రి పరిస్థితి అందరికీ తెలిసిందే. ఒకరు కఫన్ కోసం, ఒకరు కబర్ పని కోసం పరుగెత్తుతుంటే, ఇంకో ఇద్దరు కుర్రాళ్ళు బండి మీద ఆకుల కోసం మొహల్లా మొహల్లా తిరుగుతారు. ఒకప్పుడు వీధికి రెండు చెట్లు ఉండేవి. ఇప్పుడు వెతకాల్సి వస్తోంది. పైగా ఏప్రిల్, మే నెలల్లో ఉన్న చెట్టు మీద కూడా ఆకు ఉండదు. నీళ్ళు అడగకుండా బతికించే ఆ నిద్రే అప్పుడు ఆకు లేకుండా చేస్తుంది.

దీనికి పరిష్కారం సులువు. పంట చివరికి వచ్చిన ఫిబ్రవరి ఆఖరులో, ఎలాగూ ఏప్రిల్‌లో కత్తిరించబోయే కొమ్మల నుంచి ఆకుల్ని పచ్చగా ఉండగానే దూసుకోవాలి. కడిగి, పలుచగా పరిచి, నీడలో కరకరలాడే దాకా ఆరబెట్టాలి. ఎండలో వేస్తే రంగు పోతుంది. తడి లేని డబ్బాలో మూత గట్టిగా పెట్టి, పైన తేదీ రాసి ఉంచాలి. కావాల్సినప్పుడు పొడి చేసి గోరువెచ్చని నీళ్ళలో కలిపితే నురగ వస్తుంది. ఏటా పాతది తీసి కొత్తది నింపుకోవాలి. ఒక చెట్టు ఆకు ఒక ఇంటికి కాదు, వీధి మొత్తానికి సరిపోతుంది. మసీదులో గుస్ల్ సామాను ఉంచే చోట ఇలాంటి డబ్బా ఒకటి పెట్టి, నింపే బాధ్యత చెట్టున్న ఒక ఇల్లు తీసుకుంటే ఆ రాత్రి పరుగు తప్పుతుంది.

ఆకు దొరకలేదని జనాజా ఆలస్యం చేయాల్సిన అవసరం మాత్రం లేదు. సిద్ర్ వాడడం మంచిది, తప్పనిసరి కాదు. సబ్బు, అదీ లేకపోతే శుభ్రమైన నీళ్ళు చాలని ఉలమాలు చెబుతారు.

ఏడాది పని ఒక చూపులో

మే: గుంత తీయడం, పాది తవ్వి మట్టి తిరగేయడం.
జూన్, జులై: నాటడం, అంటు కట్టడం, ఎరువు.
ఆగస్టు, సెప్టెంబరు: పూత. అతుకు కింది చిగుళ్ళు గిల్లేయడం.
అక్టోబరు నుంచి డిసెంబరు: వాన లేకపోతే తడులు, బూడిద తెగులు మీద కన్ను, రాలిన కాయల ఏరివేత.
డిసెంబరు నుంచి ఫిబ్రవరి: వారం వారం కోత.
ఫిబ్రవరి ఆఖరు, మార్చి: ఆకు ఆరబెట్టడం. నాటు చెట్టుంటే మొద్దు కోత.
ఏప్రిల్, మే: కత్తిరింపు. పెద్ద చెట్టుకు నీళ్ళు బంద్.

రకాల గురించి, అంటు కట్టే కన్ను కొమ్మల గురించి బుక్కరాయసముద్రం మండలం రెడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రంలో గానీ, దగ్గర్లోని ఉద్యాన శాఖ అధికారిని గానీ అడగవచ్చు. పెరట్లో ఇప్పటికే నాటు రేగు ఉన్నవాళ్ళు గొడ్డలి తీసే ముందు ఈ ఒక్కటి అడిగి రావడం మేలు: "ఈ మొద్దు మీద ఏ రకం కట్టవచ్చు?"